ఖగోళశాస్త్రవేత్త వైను బప్పుగారి జీవితము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో మహనీయుల జీవితములు కొన్ని చేర్చుట మంచిదని పెద్దలు తలచి, నన్నును ఒకరి చరిత్ర వ్రాయుమని ఆదేశించిరి. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు మన గ్రామమున గలరు. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను గావున, కొలతయే జీవితముగా గడపిన మహనీయుని ఎన్నుకొనుట ఉచితమని తోచినది. అట్టివారిలో కీర్తిశేషులు మనాలీ కల్లత్ వైను బప్పుగారు అగ్రగణ్యులు. నేటి భారతదేశమున నక్షత్రశాస్త్రమునకు పునాది వేసిన పురుషులలో వారు ప్రథములని శాస్త్రజ్ఞులు కొనియాడుదురు. వారి బాల్యము మన భాగ్యనగరమున గడచినదన్న సంగతి మాత్రము తెలుగువారిలో పెక్కుమందికి తెలియదు.

మన తీరవాసులకు ఆకాశము క్రొత్తది గాదు. వేగుచుక్క పొడుపును బట్టి మన పల్లెకారులు పడవలు కడలిలోనికి త్రోసెడివారు. కళ్లమువద్ద కావలియుండు రైతు పిల్లలకోడి ఎంత ఎత్తున నున్నదో చూచి రాత్రి ఎన్ని జాములు గడచినదో చెప్పెడివాడు. అయినను తోకచుక్క కనబడినచో రాజ్యమునకు అరిష్టమనియు, చుక్క తెగిపడినచో ఎవరికో ఆయువు తీరినదనియు భయపడుటయు మనలో నుండెను. చూచుట వేరు, చూచినదానిని కొలిచి వ్రాసికొనుట వేరు. ఈ రెండవ విద్యయే బప్పుగారి విద్య.

బప్పుగారు 1927 ఆగస్టు 10వ తేదీన చెన్నపట్టణమున జన్మించిరి. పూర్వులు కేరళదేశపు మలబారు ప్రాంతమువారు. తండ్రిగారు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి యగుటచే ఆ కుటుంబము అచ్చట స్థిరపడినది. తండ్రి కమ్మరియైనచో కుమారుడు కొలిమి వెలుగున పెరుగును. ఈ బాలుడు దూరదర్శిని నీడలో పెరిగెను.

ఆ వేధశాలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. నిజాం ప్రభువుల కొలువులోని నవాబు జఫర్ జంగు అను విద్యాప్రియుడు 1901లో తన సొంత సొమ్ముతో దానిని నెలకొల్పెను. ఆయన గతించిన పిమ్మట 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించెను. తరువాత అది బేగంపేటలో వర్ధిల్లినది. ఆకాశమునంతను ఛాయాచిత్రములుగా తీసి, నక్షత్రముల పట్టికలు సిద్ధము చేయవలెనని ప్రపంచములోని వేధశాలలు కొన్ని కలసి ఒక మహాకార్యము తలపెట్టినప్పుడు, ఒక భాగము మన హైదరాబాదు వంతుకు వచ్చెను. అచ్చటి ఉద్యోగులు ఏండ్ల తరబడి రాత్రులు మేలుకొని, గాజుపలకలపై నక్షత్రములను చిత్రించి, ఒక్కొక్కదాని స్థానమును కొలిచి, 7,63,000కు పైగా నక్షత్రముల పట్టికను సంపుటములుగా ప్రకటించిరి. భూములకు అడంగలు ఉన్నట్లే ఇది ఆకాశమునకు అడంగలు. అందులో చమత్కారము లేదు, ఓర్పు మాత్రమే యున్నది.

తెలుగుదేశమునకు ఈ విద్యతో సంబంధము అంతకు పూర్వమే కలదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత వేధశాలను నిర్మించిరి. వారి పిమ్మట అంకితము వెంకట నరసింగరావుగారు దానిని పోషించి, 1874లో శుక్రుడు సూర్యబింబముపై నల్లని చుక్కవలె దాటిపోవుటను పరిశీలించిరి. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరునుండి చూచుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ పండితుడు వచ్చెను. ఆ గ్రహణమున పరికించిన సూర్యజ్వాలల వెలుగులో నాటివరకు పేరెరుగని యొక పసుపుపచ్చని గీత కనబడినది. తరువాత దానికి హీలియము అని పేరిడిరి. ఈ పరంపరలోనివారే బప్పుగారు.

బప్పుగారు నిజాం కళాశాలలో చదివిరి. విద్యార్థిదశయందే తండ్రిగారి వేధశాలకు పోయి, వెలుగు హెచ్చుతగ్గులగు నక్షత్రములను పరిశీలించి, ఆ ఫలితములను శాస్త్రపత్రికలలో ప్రకటించిరి. ఇరువది ఏండ్లైనను నిండని యువకుడు ఎవరి పురమాయింపు లేకయే రాత్రివేళ చలిలో నిలిచి, ఒక చుక్క నిన్నటికంటె ఎంత మసకబారినదో అంకెలలో వ్రాసికొనుట సామాన్యము గాదు. హైదరాబాదు ప్రభుత్వము వారికి వేతనమిచ్చి అమెరికా పంపెను. 1949లో వారు హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి.

చేరిన కొన్ని మాసములకే అదృష్టము తోకచుక్క రూపమున వచ్చెను. 1949 జూలై నెల ప్రారంభమున ఒక రాత్రి వారు ఆకాశమును ఛాయాచిత్రము తీసి పలకను పరీక్షించుచుండగా, పట్టికలో ఎచ్చటను లేని మసక చుక్క యొకటి కనబడెను. ఆచార్యుడగు బార్ట్ బాక్, సహాధ్యాయి యగు న్యూకర్క్ తోడుపడి పరిశోధింపగా, అది క్రొత్త తోకచుక్కయని తేలెను. ముగ్గురి పేరుల మీదుగా దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అను నామము స్థిరపడెను. అది సూర్యునిచుట్టు ఒక్కసారి తిరిగి వచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని లెక్కగట్టిరి. ఈ పనికై పసిఫిక్ ఖగోళ సంఘమువారు వారికి డోనహో పతకము నొసగిరి.

తోకచుక్క యనగా నేమి? సూర్యుడును గ్రహములును ఏర్పడిన కాలమున మిగిలిపోయిన మంచు, ధూళి, రాళ్ల ముద్ద అది. ఇల్లు కట్టిన తరువాత దొడ్డిలో మిగిలిన ఇటుకలు, సున్నము, ఇసుక వంటిది. ఇల్లు దేనితో కట్టిరో తెలిసికొన గోరువాడు గోడలు పగులగొట్ట నక్కరలేదు, దొడ్డిలోని మిగులును చూచిన చాలును. గ్రహశకలములును ఇట్టివే. గ్రహలోకములోని ఈ శిథిలముల సంగతి పాఠకులు గుర్తుంచుకొన గోరెదను. దీనితో మరల పని గలదు.

1952లో బప్పుగారికి హార్వర్డు డాక్టరు పట్టము లభించెను. పిమ్మట కార్నెగీ సంస్థవారి పారితోషికముతో కాలిఫోర్నియాలోని పాలమార్ కొండకు పోయిరి. ప్రపంచమునందెల్ల పెద్దదియగు 200 అంగుళముల దూరదర్శిని ఆనాడు అచ్చటనే యుండెను. అక్కడ ఓలిన్ విల్సన్ అను పండితునితో కలసి వారు చేసిన పరిశోధనయే వారి కీర్తికి ముఖ్యకారణము.

దానిని సులభముగా చెప్పుటకు యత్నింతును. నక్షత్రపు వెలుగును గాజుపట్టకముగుండా పంపినచో ఇంద్రధనుస్సువలె రంగుల పట్టీగా విడిపోవును. దీనినే వర్ణపటమందురు. ఆ పట్టీలో అక్కడక్కడ సన్నని నల్లగీతలుండును. ఒక్కొక్క ధాతువునకు ఒక్కొక్క గీతల జట్టు గలదు, మనుష్యులకు వేలిముద్రలున్నట్లు. ఊదారంగు అంచున రెండు బలమైన గీతలు కాల్షియము, అనగా మన సున్నములోని ధాతువు, వేయు ముద్రలు. శాస్త్రజ్ఞులు వీనికి హెచ్, కె అని పేరిడిరి. చల్లని నక్షత్రములలో ఈ కె గీత నల్లగానున్నను, దాని నడుమ సన్నని వెలుగుచార యొకటి కనబడును. ఆ వెలుగుచార ఎంత వెడల్పైన నక్షత్రము నిజముగా అంత ప్రకాశవంతమైనదని విల్సనును, బప్పుగారును కనుగొని 1957లో ప్రకటించిరి. ప్రకాశములో పది లక్షల రెట్లు భేదము గల నక్షత్రములకు గూడ ఈ సూత్రము సరిపోవుచుండెను. నిజమైన వెలుగెంతయో తెలిసి, మనకు కనబడు వెలుగెంతయో కొలిచినచో, దూరము లెక్కవలన తేలును. దీపము చిన్నదై దగ్గరనున్నదో, పెద్దదై దూరముననున్నదో చెప్పజాలక మనము మోసపోవుచుందుము గదా! ఒక్క గీత వెడల్పుతో ఆ చిక్కు విడిపోయినది. నేటికిని దీనిని విల్సన్-బప్పు ఫలితమనియే పిలుతురు.

ఇంతటి కీర్తి గడించిన యువకుడు ఆ దేశముననే నిలిచిపోయినను నిందించువారుండరు. పాలమార్ వంటి కొండ ఒక వైపు, పరికరములు లేని స్వదేశము మరియొక వైపు. బప్పుగారు 1953లో స్వదేశమునకు మరలిరి. ఈ యొక్క నిర్ణయములోనే వారి జీవితసారమంతయు గలదని నా భావము. ఫలించిన చెట్టు క్రింద కూర్చుండుటకంటె చౌటినేలలో విత్తు నాటుట కష్టము. విత్తినవాడు పండు తినునన్న నమ్మకమును లేదు.

1954లో ఉత్తరప్రదేశ ప్రభుత్వము కాశీలో నెలకొల్పిన వేధశాల వారి చేతికి వచ్చెను. కాశీ మైదానమున ధూళియు, దీపముల వెలుగును హెచ్చుగా నుండుటచే, 1955లో దానిని హిమాలయ పాదమునందలి నైనితాలునకు తరలించిరి. పిమ్మట 1960లో కొడైకెనాలు వేధశాలకు అధిపతియై దక్షిణమునకు వచ్చిరి. ఈ వేధశాల వంశము గొప్పది. 1792లో చెన్నపట్టణమున స్థాపించిన వేధశాలకు ఇది వారసురాలు. ఆ చెన్నపురి వేధశాలనుండియే పోగ్సన్ పండితుడు 1861లో ఒక గ్రహశకలమును కనుగొని ఏషియా అని పేరుపెట్టెను. 1899లో ఆ పని కొడైకెనాలు కొండకు మారినది. అచ్చట సూర్యుని ప్రతిదినము ఛాయాచిత్రము తీసి భద్రపరచు ఆచారము గలదు. కాల్షియపు కె గీత వెలుగులో తీసిన సూర్యచిత్రములు నూరేండ్లకు పైబడినవి అచ్చటి బీరువాలలో నిలువయున్నవి. బప్పుగారు ఆ నిధిని చక్కగా వినియోగించుకొనిరి. శివరామన్ గారితో కలసి, దూరపు నక్షత్రములలో తాము చూచిన వెలుగుచారకు మూలమేదో మన సూర్యుని ముఖముపై వెదకిరి.

కొడైకెనాలు సూర్యునకు అనుకూలమేగాని, రాత్రి మబ్బుల వలన నక్షత్రములకు అంత అనుకూలము గాదు. నక్షత్రములకై వేరొక స్థలము వెదకవలసివచ్చెను. చిన్న దూరదర్శినులతో మనుష్యులను కొండలకు పంపి, రాత్రివేళ గాలి ఎంత నిశ్చలముగా నున్నదో, ఏటికి ఎన్ని నిర్మలమైన రాత్రులు దొరకునో లెక్కలు వ్రాయించిరి. చివరకు తమిళనాడులోని జవ్వాది కొండలయందు, సముద్రమట్టమునకు 725 మీటర్ల ఎత్తున, గంధపుచెట్లు పెరుగు అడవిలో, కావలూరు అను చిన్న పల్లె నిశ్చయమైనది. పేరు విని మన కావలి యని భ్రమపడువారు గలరు. అది వేరు, ఇది వేరు. భూమధ్యరేఖకు చేరువగుటచే అచ్చటినుండి ఉత్తరాకాశమే గాక దక్షిణాకాశములో అధికభాగము గూడ కనబడుట ఆ స్థలమునకు గల విశేషము.

1968లో అచ్చట మొదటి దూరదర్శిని నిలిచినది. దాని అద్దము 38 సెంటీమీటర్లు మాత్రమే. అయినను అది కొడైకెనాలు కార్ఖానాలోనే మన పనివారి చేతులమీదుగా తయారైనది. 1972లో జర్మనీలోని యేనా పట్టణమునందలి జైస్ కార్ఖానావారి మీటరు దూరదర్శిని వచ్చెను. నిలిపిన ఆ యేటనే దానికి పని దొరకినది. బృహస్పతి ఉపగ్రహమగు గానిమీడ్ ఒక నక్షత్రమునకు అడ్డుగా వచ్చినప్పుడు ఆ మరుగుపాటును కావలూరునుండి పరిశీలించిరి.

ఈ మరుగుపాటు అను ఉపాయము మిక్కిలి చమత్కారమైనది. దూరపు వస్తువు స్వయముగా కనబడకపోయినను, అది ఒక దీపమునకు అడ్డు వచ్చినప్పుడు దీపము మసకబారుట కనబడును గదా. ఆ మసక ఎన్ని క్షణములున్నదో, ఎంత గాఢముగా నున్నదో కొలిచి, అడ్డువచ్చిన వస్తువు కొలతలు చెప్పవచ్చును. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక నక్షత్రమును మరుగుపరచవలసియుండెను. కావలూరున భట్టాచార్య, కుప్పుస్వామి గారలు ఆ నక్షత్రముమీద దృష్టి నిలిపి కూర్చుండిరి. గ్రహము దానిని సమీపింపకముందే నక్షత్రము వెలుగు క్షణకాలము తగ్గి మరల హెచ్చెను. మొదట అది క్రొత్త ఉపగ్రహమని భావించిరి. అదేరాత్రి విమానములోనుంచిన దూరదర్శినితో అమెరికా దేశపు ఎలియట్ బృందము అట్టి మసకలు గ్రహమునకు రెండు ప్రక్కలను వరుసగా వచ్చుట చూచి, యురేనసుచుట్టు సన్నని వలయములున్నవని చాటిరి. ఆ సంవత్సరముననే భట్టాచార్యగారును, బప్పుగారును కావలూరు కొలతలను తిరిగి పరిశీలించి, ఆ గ్రహముచుట్టు శనివలయముల వంటి వ్యవస్థ గలదని వ్రాసిరి. ఆ వలయములు రాళ్లు, మంచుగడ్డలు, ధూళి. కంటికి కనబడని శిథిలము వెలుగు తగ్గుదలవలన పట్టుబడినది.

ఇంతలో 1971లో కొడైకెనాలు, కావలూరు వేధశాలలు ప్రభుత్వశాఖ క్రిందినుండి విడివడి భారత తారాభౌతిక సంస్థగా ఏర్పడెను. బప్పుగారు దానికి మొదటి అధిపతులు. కొంతకాలమునకు దాని ముఖ్యస్థానము బెంగుళూరైనది. అప్పుడు వారు జీవితమునందలి పెద్ద సంకల్పము చేసిరి. 2.34 మీటర్ల, అనగా సుమారు 92 అంగుళముల అద్దము గల దూరదర్శినిని మనదేశముననే నిర్మింపవలెనని. అద్దమును అరగదీయుట మన చేతులతో, ఇనుప పంజరమును పోతపోయుట మన కార్ఖానాలో, దానిని నడపు యంత్రములు మన ఇంజనీర్ల బుద్ధితో జరుగవలెననియే వారి పట్టుదల. కొని తెచ్చుకొన్నచో త్వరగా వచ్చును. కాని చెడినప్పుడు బాగుచేయు విద్య దానితో రాదు. కొనుట వేరు, నేర్చుట వేరు అను సంగతి సేద్యపు మోటారు కొన్న ప్రతి రైతునకును తెలిసినదే.

గౌరవములు వెదకికొనుచు వచ్చెను. 1970లో భట్నాగర్ బహుమానము, 1981లో పద్మభూషణ బిరుదము లభించెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ పీఠము నధిష్ఠించిన భారతీయులలో వారే మొదటివారు. ఆ సంఘము 1982 ఆగస్టులో గ్రీసు దేశమునందలి పాట్రాస్ పట్టణమున సమావేశము కావలసియుండెను. అధ్యక్షపీఠమున కూర్చుండవలసిన బప్పుగారు గుండెజబ్బు చికిత్సకై జర్మనీలోని మ్యూనిక్ వైద్యశాలలో నుండిరి. శస్త్రచికిత్స జరిగినను ఆరోగ్యము చేకూరక, 1982 ఆగస్టు 19వ తేదీన, ఏబదియైదేండ్ల వయస్సున, వారు దివంగతులైరి. దేశదేశముల ఖగోళవేత్తలు ఒకచోట కూడియున్న దినములలోనే వారి పెద్ద పరదేశమున కన్నుమూయుట మిక్కిలి శోచనీయము. తాను తలపెట్టిన పెద్ద అద్దమున ఒక్క నక్షత్రమునైనను చూచు భాగ్యము వారికి కలుగలేదు.

ఆ దూరదర్శిని 1986 జనవరిలో పూర్తియై, ప్రధానమంత్రి రాజీవ్ గాంధీగారిచే ప్రారంభింపబడినది. దానికిని, కావలూరు వేధశాలకును బప్పుగారి పేరే పెట్టిరి. 2596వ సంఖ్య గల గ్రహశకలము గూడ ఆ పేరుతోనే సూర్యుని చుట్టుచున్నది. 1988లో కావలూరునుండియే రాజమోహన్ గారు ఒక గ్రహశకలమును కనుగొనగా, గణితవేత్త శ్రీనివాస రామానుజన్ గారి పేరు దానికి పెట్టబడినది. పోగ్సన్ కాలమున చెన్నపురిలో మొదలైన వేట ఇట్లు కొనసాగినది.

బప్పుగారి జీవితము ఇంతటితో ముగిసినది. కాని వారు పట్టుకొన్న మూడు సాధనములు, అనగా శిథిలములను వెదకుట, కాల్షియపు గీతను చదువుట, వెలుగు తగ్గుదలను కొలుచుట, వారి అనంతరము ఒక్కచోట కలసి ఒక మహారహస్యమును బయటపెట్టినవి. ఆ పని చేసినవారు వేరు దేశములవారు. అయినను దానిని చెప్పనిచో వారి విద్య విలువ పాఠకులకు పూర్తిగా తెలియదు గావున కొంత విన్నవింతును.

నక్షత్రములకు గూడ బాల్యము, యౌవనము, వార్ధక్యము గలవు. మన సూర్యుడు ఇంకను సుమారు 500 కోట్ల సంవత్సరములు ఇట్లే వెలుగును. పిమ్మట ఉబ్బి ఎఱ్ఱబారి, బుధుని, శుక్రుని మ్రింగును. భూమిని మ్రింగునా, విడుచునా అనుటలో పండితులకు వివాదము గలదు. ఆ పైన పైపొరలన్నియు ఎగిరిపోయి, నడుమనుండు గుండె మాత్రము మిగులును. అది భూమియంత చిన్నదైనను సూర్యుని బరువులో సగమునకు పైగా మోయుచుండును. ఒక చెంచాడు పదార్థము అనేక టన్నులు తూగును. దీనినే శ్వేతకుబ్జమందురు. వీని బరువునకు ఒక హద్దు గలదని చెన్నపట్టణపు విద్యార్థి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1930లో ఇంగ్లండుకు ఓడమీద పోవుచు, పందొమ్మిదేండ్ల వయస్సున లెక్కగట్టెను. ఆ లెక్కకు పేరు రాగా, 1983లో నోబెల్ బహుమానము వచ్చెను.

శ్వేతకుబ్జముమీద ఆకర్షణ అత్యధికము. బురదనీటి కుండలో చిల్లగింజ అరగదీసి కలిపినచో మన్నంతయు అడుగునకు దిగి పైన తేటనీరు నిలుచును గదా. అట్లే ఆ నక్షత్రమున బరువైన ధాతువులన్నియు లోనికి దిగిపోయి, పైన తేలికయగు హైడ్రోజను గాని, హీలియము గాని మాత్రమే మిగులవలెను. కావున కాల్షియపు గీత అచ్చట కనబడరాదు. కాని కొన్నింట కనబడుచున్నది. కుండలో పైన మన్ను కనబడినచో ఎవరో క్రొత్తగా వేసియుండవలెను. ఆ వేయునదేమి?

1987లో జకర్‌మన్, బెక్లిన్ అను శాస్త్రజ్ఞులు జి 29-38 అను శ్వేతకుబ్జమునుండి ఉండవలసినదానికంటె హెచ్చు వేడివెలుగు వచ్చుట గమనించిరి. అది దానిచుట్టు తిరుగు ధూళివలన అని తరువాత రూఢియైనది. 2003లో మైకేల్ జురా అనునాతడు దీనికి కారణము చెప్పెను. ఆ నక్షత్రము ఒకప్పుడు సూర్యునివలె గ్రహపరివారము గలది. యజమాని గతించిన పిమ్మట పరివారము చెదరినది. గ్రహశకలములు కొన్ని దారి తప్పి, సూర్యుని వ్యాసార్ధమంత దూరమునకు చేరినప్పుడు, నక్షత్రపు ఆకర్షణ వానిని చీల్చి పొడిచేయును. ఆ పొడి వలయమై తిరిగి, కొంచెము కొంచెముగా నక్షత్రముమీద రాలుచుండును. కాల్షియపు ముద్ర అందువలన కలుగుచున్నది. శ్వేతకుబ్జములలో నాలుగింట ఒక వంతునకు తక్కువగాకుండ ఇట్టి ముద్రలు గలవని తేలినది.

2015లో వాండర్‌బర్గ్ బృందము కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని కొలతలలో కన్యారాశియందలి ఒక శ్వేతకుబ్జపు వెలుగు సుమారు నాలుగున్నర గంటలకొకసారి తగ్గుట చూచిరి. అది మనకు కొన్ని వందల కాంతిసంవత్సరముల దూరమున నున్నది. పగిలిపోవుచున్న శకలమొకటి తోకచుక్కవలె ధూళిని విడుచుచు దాని ముందునుండి పోవుచున్నదని నిశ్చయించిరి. యురేనసు వలయములను కావలూరున ఏ ఉపాయమున పసిగట్టిరో, ఈ చావును గూడ ఆ ఉపాయముననే చూచిరి. ఆ నక్షత్రముమీద రాలిన ధాతువులను వర్ణపటమున చదువగా కాల్షియము, ఇనుము, మెగ్నీషియము, సిలికను వంటివి కనబడినవి. మన కాళ్లక్రింది రాళ్లు దేనితో చేయబడినవో, ఆ గతించిన లోకమును దానితోనే చేయబడినదన్న మాట. ఇతర సూర్యుల గ్రహములు లోపల దేనితో నిండియున్నవో ప్రత్యక్షముగా చెప్పగల మార్గము ఇంతకంటె మంచిది నేటికి లేదు.

అన్నిటికంటె నా మనస్సును కదలించిన ముచ్చట వేరొకటి గలదు. 1917లో వాన్ మానెన్ అను పండితుడు మీనరాశిలో వేగముగా కదలు నక్షత్రమొకటి కనుగొనెను. మనకు 14 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. ఆ సంవత్సరము అక్టోబరులో ఆడమ్స్ అనునాతడు కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ కొండమీద దాని వర్ణపటమును గాజుపలకపై తీసి, కవరులో పెట్టి, బీరువాలో భద్రపరచెను. అది శ్వేతకుబ్జమని తరువాత తెలిసినను ఆ పలకను ఎవరును మరల చూడలేదు. దాదాపు నూరేండ్ల పిమ్మట ఫరీహి అను శాస్త్రజ్ఞుడు కోరగా, ఆ భాండారమువారు పలకను వెదకి తీసి చూపిరి. దానిమీద కాల్షియపు హెచ్, కె గీతలు రెండును స్పష్టముగా నుండెను. సూర్యుని గాక వేరొక నక్షత్రమును గ్రహములు చుట్టియుండునను సాక్ష్యము ఆ కవరులో 1917నుండియు నిద్రించుచుండెను. 2016లో ఈ సంగతి లోకమునకు వెల్లడియైనది.

వ్రాసినవానికి దాని అర్థము తెలియకపోవచ్చును. చూచినదానిని నిజాయితీగా వ్రాసి, చెదలు పట్టకుండ దాచినచో, అర్థము చెప్పువాడు ఎప్పుడో ఒకప్పుడు పుట్టును. హైదరాబాదు వేధశాలలో నక్షత్రముల పట్టిక వ్రాసినవారును, కొడైకెనాలులో దినదినము సూర్యచిత్రములు తీసినవారును, కావలూరు రాత్రులలో వెలుగు తగ్గుదలలు వ్రాసికొన్నవారును ఈ నమ్మకముతోనే పనిచేసిరి. ఆ నమ్మకమును సంస్థలుగా నిలిపినవారు బప్పుగారు. అందుచేతనే వారు గతించినను వారి పని ఆగలేదు. కావలూరున నేటికిని వారి పేరిటి అద్దము రాత్రులందు తెరచుకొనుచున్నది. లడఖ్ దేశమున హాన్లే శిఖరముపై ఆ సంస్థవారే 2000వ సంవత్సరమున నిలిపిన రెండు మీటర్ల దూరదర్శినికి చంద్రశేఖర్ గారి స్మృతికై చంద్ర యను పేరు గలదు.

లోభి దాచిన ధనము చివరకు పాముల పాలగునని పెద్దలందురు. దాచిన విద్య మాత్రము నూరేండ్లకైనను ఒకరి కన్ను తెరపించును. మన గ్రంథాలయములోని బీరువాలలో గూడ ఎవరును తెరువని పుస్తకములు పెక్కు గలవు. వానిని చదువువారు లేరని ఏరివేయుటకు తొందరపడరాదని కార్యవర్గమువారికి నా మనవి. ఖగోళశాస్త్రమునకు చెందిన తెలుగు పుస్తకములను ఒక వరుసగా సమకూర్చి, కావలి, బిట్రగుంట బడుల పిల్లలు గూడ వచ్చి చదువుకొనునట్లు ఏర్పాటు చేసినచో, అది ఈ రజతోత్సవమునకు తగిన కానుక యగును. తీరమున సరుగుడు తోపులకు ఆవల, దీపముల వెలుగు తక్కువగా నుండు చోట, కృష్ణపక్షపు రాత్రి ఒక గడియ నిలిచి చూడుడని యువకులను ప్రార్థించుచున్నాను. చూచినదానిని తేదీ వేసి వ్రాసికొనుడు. బప్పుగారు సైతము అట్లే ప్రారంభించిరి.